మొదటి గంట మెల్లగా తొక్కండి

కొండదారుల్లో సాగే సేవా సైకిల్ యాత్రల గురించి ఈ మధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. మిగతావాళ్ళు తలా ఒకటి అడిగినవన్నీ ఆవిడ ఒక్కరే అడిగేశారు మరి.

ప్రశ్న: నాకు నలభై రెండేళ్ళు. క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న పిల్లల కోసం విరాళాలు పోగుచేసే ఎనిమిది రోజుల సైకిల్ యాత్రకు పేరిచ్చాను. నాలుగో రోజు 92 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1,900 మీటర్లు, రెండు కనుమలు దాటాలట. వారానికి మూడు రోజులు చదును రోడ్డు మీద 40, 50 కిలోమీటర్లు తొక్కుతాను, కానీ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. నలభై ఏడు మంది నా పేరు మీద విరాళం ఇచ్చారు. మధ్యలో ఆగిపోతే వాళ్ళకు ముఖం ఎలా చూపించాలన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అలాంటి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా గడుస్తుందో చెప్తారా?

జవాబు: ముందు మీ లెక్క చూద్దాం, లెక్క చూస్తేనే సగం భయం పోతుంది. 1,900 మీటర్ల ఎక్కుడంటే, సగటున 7 శాతం వాలు అనుకుంటే (వంద మీటర్ల దారికి ఏడు మీటర్ల ఎత్తు అని అర్థం) మీరు నిజంగా కొండ ఎక్కేది 27, 28 కిలోమీటర్లే. మిగతాదంతా దిగుడూ, చదునూ. ఆ 28 కిలోమీటర్లకు గంటకు 8, 9 కిలోమీటర్ల చొప్పున మూడు గంటల పైచిలుకు పడుతుంది. దిగుడుకు ఒక గంట, చదునుకు రెండు గంటలు, ఆగడాలకు ఇంకో రెండు వేసుకోండి. ఏడింటికి బయల్దేరితే మూడు, మూడున్నరకల్లా చేరతారు. చీకటి పడుతుందేమో అన్న బెంగ అక్కర్లేదు.

గంటకు 8 కిలోమీటర్లా, అది నడకతో సమానం కదా అనిపిస్తుంది. కానీ మీరూ, సైకిలూ, సామానూ కలిపి ఒక 80 కిలోల బరువును గంటలో 600 మీటర్ల ఎత్తుకు చేరుస్తున్నారు. చదును రోడ్డు మీద మిమ్మల్ని 26, 27 వేగంతో తీసుకెళ్ళే కష్టమే 7 శాతం వాలు మీద ఎనిమిదిన్నర దాటనివ్వదు. ఈ సంగతి ముందే మనసుకు పట్టించుకోవాలి. లేకపోతే వేగం చూపే మీటరు వంక చూసి కంగారుపడి పెడల్ మీద బలం పెంచేస్తారు, రోజు పాడయ్యేది అక్కడే.

నేను మీకు చెప్పదలుచుకున్నది నిజానికి ఈ ఒక్కటే: మొదటి గంట మీకు నచ్చని వేగంతో తొక్కండి. ఇంత మెల్లగానా అని కాళ్ళు విసుక్కోవాలి. పొద్దున్నే చల్లగా ఉంటుంది, రాత్రి నిద్రపోయిన కాళ్ళు తేలిగ్గా ఉంటాయి, పక్కన ముప్ఫై మంది కబుర్లు చెప్పుకుంటూ పోతుంటారు, ఆ ఊపులో మొదటి కనుమ సగం దాకా ఎలా ఎక్కేశారో కూడా తెలియదు, ఆ తర్వాత మిగిలిన రోజంతా ఆ సగానికి అప్పు తీరుస్తూ గడపాల్సి వస్తుంది. మీ వేగం సరైనదో కాదో చెప్పడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పక్కవాళ్ళతో రెండు పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా? అయితే సరిగ్గా తొక్కుతున్నారు. మాట మధ్యలో ఊపిరి అందక ముక్కలవుతోందా? తగ్గించండి. ఎవరు దాటిపోయినా సరే తగ్గించండి.

తగ్గించాలంటే గేరు ఉండాలి. కొత్తవాళ్ళు చాలామంది దెబ్బతినేది దమ్ము లేక కాదు, గేరు లేక. ముందు పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక క్యాసెట్‌లో (వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తి) పెద్ద చక్రానికి కూడా 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టే తిరుగుతుంది, సుమారు 2.1 మీటర్లు ముందుకెళ్తారు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. కొండకు ఇది సరిపోతుంది. అదే వెనక పెద్ద చక్రానికి 25 పళ్ళే ఉన్నాయనుకోండి, అదే 60 చుట్లకు పదికి పైగా వేగంతో పోవాల్సి వస్తుంది. అంత బలం లేకపోతే చుట్లు 45కో 50కో పడిపోతాయి, ప్రతి తొక్కుడూ మోకాలి మీద పడుతుంది. యాత్రకు నెల ముందే సైకిల్ మెకానిక్ దగ్గరికెళ్ళి వెనక క్యాసెట్‌లో పెద్ద చక్రం ఎంత పళ్ళదో లెక్కపెట్టించండి, అవసరమైతే మార్పించండి. కొత్త జెర్సీ కొనుక్కునే ముందు ఈ పని చేయండి.

ఇక తిండి. మన కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థం నుంచి ఒళ్ళు నిలవచేసుకునే ఇంధనం) సుమారు 2,000 కేలరీలు ఉంటుంది. గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అది అడుగంటుతుంది. మీది ఆరు గంటల తొక్కుడు. కాబట్టి ఆకలి వేశాక తినడం కాదు, బయల్దేరిన అరగంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తూ ఉండాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, దాన్నిబట్టి మిగతావి లెక్కేసుకోండి. ఎక్కుతున్నప్పుడు నమలడం కష్టం, వాలు కాస్త తగ్గిన చోట ఒక ముక్క నోట్లో వేసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇది నేను పుస్తకాల్లో చదివి రాయడం లేదు. నా రెండో యాత్రలో, మూడో రోజున, పొద్దున్నే ముందున్నవాళ్ళ చక్రం వదలకుండా తొక్కేశాను. తినడం గుర్తే లేదు. శిఖరం ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా కళ్ళు బైర్లు కమ్మాయి, ఒళ్ళంతా చల్లటి చెమట. సైకిల్ పడేసి మైలురాయి మీద కూర్చున్నాను. జేబులో చాక్లెట్ ఉంది, తీశాను, కానీ దాని రేపర్ చింపడం నా వల్ల కాలేదు. వేళ్ళు వణుకుతున్నాయి, రేపర్ చివర ఉండే ఆ రంపపు అంచు దొరికినట్టే దొరికి జారిపోతోంది. గ్లవ్స్ తీసి ప్రయత్నించాను, పళ్ళతో ప్రయత్నించాను. వెనక నుంచి వచ్చిన అరవై ఏళ్ళావిడ ఒకరు సైకిల్ దిగి, ఏమీ అడక్కుండా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, చింపి, సగం బయటికి తీసి మళ్ళీ చేతిలో పెట్టారు. నేను తినేదాకా పక్కనే నిలబడ్డారు. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ తొక్కగలిగాను. ఆ రోజు నుంచి నా తినుబండారాలన్నిటి రేపర్లూ పొద్దున గదిలోనే ఒక అంచు చింపి పెట్టుకుంటాను. మీరూ అలాగే చేయండి.

నీళ్ళ సంగతిలో రెండు వైపులా జాగ్రత్త కావాలి. తక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎక్కువైనా ముప్పే అని మాత్రం చాలామందికి తెలియదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువ ఉంది, నీళ్ళు మరీ తాగి పరుగు చివరికి బరువు పెరిగినవాళ్ళలో అది ఎక్కువగా కనిపించింది. దాహాన్ని బట్టి తాగండి, ఒక సీసాలో ఉప్పు కలిసిన పానీయం ఉంచుకోండి.

మొదటి కనుమ పైకి చేరగానే ఫోటోలు తరవాత, ముందు జాకెట్. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. మీ ఒంటి మీద బట్టలేమో చెమటతో తడిసి ఉంటాయి, ఇంకాసేపట్లో గంటకు 35 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడుతుంది. పాతకాలం పందెగాళ్ళు శిఖరం మీద ఎవరైనా న్యూస్‌పేపర్ ఇస్తే జెర్సీ లోపల ఛాతీకి అడ్డం పెట్టుకుని దిగేవాళ్ళు, ఇప్పటికీ అది పనిచేస్తుంది. కనుమ 2,500 మీటర్లు దాటితే ఇంకొక సంగతి ఉంది. ఆల్ప్స్‌లోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్లు, అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే నాలుగో వంతుకు పైగా తక్కువ. ఆయాసం పెరగడం మామూలే. తలనొప్పితో పాటు వికారం, తూలుడు కూడా ఉంటే మాత్రం అది అలసట కాదు, వెంటనే చెప్పి కిందికి దిగిపోవాలి.

మధ్యాహ్న భోజనం తర్వాత రెండో కనుమ మొదట్లో అందరికీ ఒకటే ఆలోచన వస్తుంది: ఇంకోటా? కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. మొదటి పది నిమిషాలు ఘోరంగా ఉంటాయి, ఆ పది నిమిషాల్లో ఏ నిర్ణయమూ తీసుకోకండి. కాళ్ళు మళ్ళీ వేడెక్కాక ఓపిక ఎంత మిగిలిందో చూసుకోండి. శిఖరం వంక చూడకుండా తర్వాతి మలుపు వరకే లెక్కపెట్టుకోవడం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యూయెజ్ ఎక్కుడులో 21 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, వాటికి కింద 21 నుంచి మొదలుపెట్టి పైన 1 దాకా నంబర్లు తగ్గుతూ వస్తాయి. క్యాన్సర్ పరిశోధన కోసం డచ్ వాళ్ళు 2006లో అక్కడ ఆల్ప్ ద్యుజెస్ అనే యాత్ర మొదలుపెట్టారు. జెస్ అంటే వాళ్ళ భాషలో ఆరు, దాదాపు 14 కిలోమీటర్ల ఆ కొండను ఒకే రోజులో ఆరుసార్లు దాకా ఎక్కుతారు. కానీ ఒక్కసారి ఎక్కినవాళ్ళూ, నడిచి ఎక్కినవాళ్ళూ ఆ యాత్రలో భాగమే.

ఇక మీ నలభై ఏడు మంది గురించి. వాళ్ళు డబ్బు ఇచ్చింది పిల్లల వైద్యానికి, మీ మోకాళ్ళను పందెం కాయడానికి కాదు. మీరు యాత్ర వెంట వచ్చే సపోర్ట్ వ్యాన్ ఎక్కినంత మాత్రాన ఆ పిల్లలకు చేరాల్సినదాంట్లో పైసా తగ్గదు. 1913లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో తూర్మలే కనుమ దిగుతుండగా యూజెన్ క్రిస్టోఫ్ అనే పందెగాడి సైకిల్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే భాగం) విరిగిపోయింది. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఒక కమ్మరి కొలిమిలో తన చేత్తోనే అతికించుకున్నాడు. కొలిమి తిత్తులు ఊదడానికి ఒక కుర్రాడి సాయం తీసుకున్నాడని నిర్వాహకులు అతని సమయానికి కొన్ని నిమిషాలు జరిమానాగా కలిపారు. అది పందెం, సాయం తీసుకోకూడదన్నది ఆ పందెం నియమం. మీది సాయం చేయడానికే పుట్టిన యాత్ర. అందులో సాయం తీసుకోవడం తప్పెలా అవుతుంది? వ్యాన్ ఎక్కాల్సి వస్తే ఎక్కండి, మర్నాడు పొద్దున మళ్ళీ సైకిలెక్కండి. ఇచ్చినవాళ్ళకు రాసేటప్పుడు ఆ సంగతి దాచకుండా రాయండి.

ప్రశ్న: ఎక్కడం కన్నా దిగడమే నాకు భయం. బ్రేకులు పట్టుకుని పట్టుకుని అరచేతులు మంటలెక్కుతాయి. పోయినసారి కింద చేరాక రిమ్ ముట్టుకుంటే వేలు కాలింది. ఏం చేయాలి?

జవాబు: మీ భయం న్యాయమైనదే. 80 కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగితే పుట్టే శక్తితో రెండున్నర లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు. కొంత గాలి తీసుకుంటుంది, మిగతా వేడంతా బ్రేకులదే. మెల్లగా దిగుతూ అస్తమానం బ్రేకులు పట్టుకునేవాళ్ళ విషయంలో గాలి తీసుకునేది కొంచెమే, అందుకే మీ రిమ్ కాలింది. రిమ్ బ్రేకులతో ఇలా వేడెక్కితే ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి బ్రేకు నొక్కి పెట్టి ఉంచకండి. తిన్నగా ఉన్న చోట వదిలేయండి, మలుపు రాకముందే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గించండి, తగ్గాక వదిలి మలుపు తిరగండి. మలుపులో ఒరిగి ఉన్నప్పుడు బ్రేకు పట్టడమే జారిపడేలా చేస్తుంది. బయటి వైపు పెడల్ కిందికి ఉంచి బరువంతా దాని మీద పెట్టండి, చూపు మలుపు దాటి బయటికెళ్ళే చోట ఉండాలి, ఎందుకంటే సైకిల్ మీరు చూసిన వైపే పోతుంది. గుంత వంక చూస్తే గుంతలోకే వెళ్తారు. చేతులు హ్యాండిల్ వంపు కింది భాగంలో ఉంచితే బ్రేకు లీవరు మీద బలం ఎక్కువ అందుతుంది, అరచేతుల నొప్పి కూడా చాలావరకు తగ్గుతుంది. అయినా నొప్పెడితే ఆగండి. దిగుడులో ఆగకూడదని ఎక్కడా లేదు. ఆగి, చేతులు విదిలించుకుని, రిమ్ చల్లబడ్డాక బయల్దేరండి. యాత్రకు ముందు బ్రేకు ప్యాడ్లు చూసుకోండి, వాటి మీది గాళ్ళు అరిగి కనిపించకపోతే మార్చాల్సిందే.

ప్రశ్న: మూడో రోజు నుంచి సీటు దగ్గర ఒరుపు, చిటికెన వేలు తిమ్మిరి, మోకాలి ముందు భాగంలో నొప్పి. నొప్పి మాత్ర వేసుకుని తొక్కవచ్చా?

జవాబు: వద్దండీ. ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని, చెమటలు కక్కుతూ, నీళ్ళు సరిగా అందని ఒంటితో గంటల తరబడి కష్టపడితే కిడ్నీలకు దెబ్బ. పైగా నొప్పి తెలియకపోతే మోకాలు ఎంత పాడవుతోందో మీకే తెలియదు. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే చాలాసార్లు సీటు మరీ కిందికి ఉందని అర్థం, అయిదు మిల్లీమీటర్లు పెంచి చూడండి. అదే వెనక భాగంలో వస్తే సీటు మరీ ఎత్తుగా ఉండవచ్చు. చిటికెన వేలు తిమ్మిరెక్కడం అరచేతి అంచులో నరం నలగడం వల్ల వస్తుంది, పది నిమిషాలకోసారి చేతులు హ్యాండిల్ మీద చోటు మార్చండి. ఒరుపుకు సైక్లింగ్ షార్ట్స్ లోపల ఏమీ వేసుకోకూడదు, కుట్లే కోసేస్తాయి. క్రీమ్ పొద్దున్నే రాసుకోండి, మజిలీ చేరిన అరగంటలోపే ఆ షార్ట్స్ విప్పి కడుక్కోండి. కబుర్లు తర్వాత. వాచినా, చీము కనిపించినా మర్నాడు విశ్రాంతే.

ప్రశ్న: మా దగ్గర కొండలే లేవు. ఎలా తయారవ్వాలి?

జవాబు: ఎదురుగాలి మీ కొండ. గాలి వచ్చే వైపు ఒక గంట ఆగకుండా, పెడల్ వదలకుండా తొక్కండి. కొండ మీద ఉండని సుఖం పెడల్ వదిలి జారడం, ముందు దాన్ని మానుకోవాలి. రెండోది, వరసగా రెండు రోజులు తొక్కడం. శనివారం నాలుగు గంటలు తొక్కినవాళ్ళు ఆదివారం పొద్దున లేచి మూడు గంటలు తొక్కగలిగితే యాత్రకు సిద్ధమవుతున్నట్టే. ఒక్క రోజు వంద కిలోమీటర్లు తొక్కేసి వారమంతా పడుకోవడం కన్నా ఇది వంద రెట్లు మేలు.

ప్రశ్న: నా స్నేహితుడు సేవా యాత్ర పేరుతో విరాళం అడుగుతున్నాడు. నా డబ్బుతో ఆయన కొండలు చూసి వస్తున్నాడేమోనని అనుమానంగా ఉంది. ఇలా అనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు, అడగాల్సిన ప్రశ్నే. ఒకటే అడగండి: యాత్ర ఖర్చు ఎవరు పెడుతున్నారు? కొన్ని యాత్రల్లో పాల్గొనేవాళ్ళు తమ బస, భోజనం, ప్రయాణం ఖర్చు తామే కట్టుకుంటారు, పోగుచేసినదంతా సంస్థకు వెళ్తుంది. కొన్నిట్లో పోగుచేసినదాంట్లోంచే ఖర్చు తీస్తారు. అమెరికాలో 1980లో మొదలైన పాన్ మాస్ ఛాలెంజ్ అనే సైకిల్ యాత్రలో సైక్లిస్టులు సేకరించే ప్రతి డాలరూ డానా ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు ఇస్తారు. రెండో రకమంతా మోసం అనను, కానీ ఎంత తీస్తున్నారో ముందే చెప్పాలి. నా మటుకు నేను ఖర్చు సొంతంగా పెట్టుకుని, ఆ సంగతి విరాళం అడిగే ఉత్తరంలో మొదటి వాక్యంలోనే రాస్తాను. మీ స్నేహితుణ్ణి నేరుగా అడగండి. మంచి మనసుతో వెళ్తున్నవాడైతే ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

ప్రశ్న: ప్రతి యాత్రలోనూ అందరికన్నా చివర చేరేది నేనే. నా కోసం ఇరవై మంది ఎండలో కాచుక్కూర్చుంటారు, నేను కనిపించగానే లేచి బయల్దేరతారు. నాకు కూర్చోవడానికి కూడా టైం ఉండదు. సిగ్గుతో ఈసారి మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: మానేయకండి. దయచేసి మానేయకండి. ఇక్కడ తప్పు మీ వేగానిది కాదు, గుంపు అలవాటుది. అందరికన్నా ముందు చేరినవాళ్ళకు నలభై నిమిషాల విశ్రాంతి, అందరికన్నా అలసి చేరినవాళ్ళకు సున్నా. ఆ అలసటతోనే తర్వాతి ఎక్కుడు మొదలుపెడతారు కాబట్టి ఇంకా వెనకబడతారు, ఇంకా ఎక్కువసేపు కాచుకుంటారు, ఇంకా సిగ్గుపడతారు. ఎన్ని యాత్రల్లో చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ బాధేసింది. దీనికి మందు చాలా చిన్నది. ఆగిన చోట టైం లెక్క మొదటివాళ్ళు వచ్చినప్పటి నుంచి కాదు, చివరివాళ్ళు సైకిల్ దిగినప్పటి నుంచి మొదలవ్వాలి. తొందరున్నవాళ్ళు ముందు వెళ్ళిపోవచ్చు, కానీ కనీసం ఇద్దరు మీతోపాటే ఉండి, మీరు కూర్చుని, తిని, సీసా నింపుకుని, పది నిమిషాలు అయ్యాకే మీతో కలిసి బయల్దేరాలి. మొదటి రోజు పొద్దున అందరినీ నిలబెట్టి దారి వివరాలు చెప్తారు కదా, అక్కడే లేచి ఈ మాట అడగండి. నోరు రాకపోతే ముందురోజు రాత్రే నాయకుడికి విడిగా చెప్పండి, ఆయన చేతే అందరికీ చెప్పించండి.